రోజూ శివరాత్రేనా?

చిరంజీవి మనవడికీ, వాడి గదిలో ఉంటున్న మిగతా ముగ్గురికీ, అలాంటి గదుల్లో ఉంటున్న మీ ఈడు పిల్లలందరికీ తాతయ్య ఆశీర్వదించి రాయునది.

ఉభయకుశలోపరి అని రాయబోయి ఆగాను. ఇక్కడ కుశలమే. అక్కడ కుశలంగా ఉన్నారని మాత్రం నాకు అనిపించలేదు. మొన్న మియాపూర్‌లో మీ దగ్గర వారం రోజులు ఉన్నాను కదా, ముసలాయన హాల్లో పేపరు చదువుకుంటున్నాడనుకున్నారు. గూడ్సు బండి గార్డుగా ముప్పై ఏళ్లు చేసినవాణ్ణి. ఏ బండి ఏ స్టేషన్లో ఎన్ని నిమిషాలు ఆగిందో జర్నల్లో రాయడం నా ఉద్యోగం. రిటైరైనా ఆ జబ్బు పోలేదు. మీలో ఎవరు ఎప్పుడు పడుకున్నారో, ఎప్పుడు లేచారో రాసుకొచ్చాను.

ఒకడు మధ్యాహ్నం పన్నెండు దాకా పాలు లేని కాఫీ తప్ప ఏమీ ముట్టడు, రాత్రి ఎనిమిది దాటితే నోరు కట్టేసుకుంటాడు. ఇంకొకడు అన్నం మానేసి నెల అయింది. మావాడు రాత్రి భోజనం బదులు రెండు కీరదోసకాయలు కొరుక్కుంటాడు. నాలుగోవాడి సంగతి చివర్లో చెబుతాను. వారంలో ఒక్క రోజు కూడా మీ గదిలో ఒంటిగంటకు ముందు లైటు ఆరలేదు. ఆరున్నరకల్లా జిమ్ముకు అలారం. అంటే అయిదు, అయిదున్నర గంటల నిద్ర.

ఆదివారం టిఫిన్ దగ్గర మావాడన్నాడు: "తాతయ్యా, తిండి తగ్గించాక నిద్ర కూడా తక్కువే సరిపోతోంది. ఒళ్లు భలే తేలిగ్గా ఉంది." అన్నం మానేసినవాడు దానికి ఎదురు చెప్పాడు: "నాకైతే రెండు గంటల మీటింగులో కళ్లు మూతలు పడిపోతున్నాయి తాతగారూ. డైట్ పడలేదేమో." అప్పుడు నేనేమీ అనలేదు. ఇద్దరూ జరిగింది జరిగినట్టే చెప్పారు. కారణం మాత్రం ఇద్దరూ తప్పే చెప్పారు.

ముందు మావాడి సంగతి. ఆకలి రుచి ఎరుగదు, నిద్ర సుఖమెరుగదు అని పెద్దవాళ్లు రెండింటినీ ఒకే కాడికి కట్టారు గానీ, ఆ రెండెడ్లూ ఒకదాన్నొకటి కుమ్ముకుంటాయన్న సంగతి చెప్పలేదు. మెదడులో మనల్ని మెలకువగా నిలబెట్టే ఒరెక్సిన్ అనే పదార్థం ఒకటుంది. 1998లో జపాన్ శాస్త్రజ్ఞులు యానగిసావా, సకురాయ్‌ల బృందం దాన్ని కనిపెట్టి, ఆకలికి సంబంధించిందనుకుని, గ్రీకులో ఆకలి అనే మాట మీంచి ఆ పేరు పెట్టింది. తర్వాత తెలిసింది, అది కరువైనవాళ్లు పట్టపగలు మాట్లాడుతూ మాట్లాడుతూనే నిద్రలోకి జారిపోతారని. ఆ పదార్థాన్ని తయారుచేసే కణాలు చక్కెర పెరిగితే చల్లబడతాయి, తగ్గితే చురుకెక్కుతాయి. ఎలుకల మెదడులో ఇది చూశారు. ఆలోచిస్తే సబబే. కడుపు కాలుతున్న జంతువు ముడుచుకుని పడుకుంటే దానికి తిండి ఎవరు తెచ్చిపెడతారు?

కాబట్టి నాయనా, నీకు నిద్ర అవసరం తగ్గలేదు. ఆకలి నిన్ను లేపి కూర్చోబెడుతోంది. అప్పు తీరడం వేరు, అప్పులవాడు ఇంకా గుమ్మం ఎక్కకపోవడం వేరు.

మన ఇళ్లలో ఉపవాసాలు లేవా? కార్తీకంలో మా అమ్మ నక్తాలుండేది. పగలంతా ఏమీ తినక, చుక్క చూసి అన్నం తినేది. ఆ నెలంతా ఎనిమిది కొట్టకుండానే చాప పరిచేసేది. ఒక్కపొద్దు ఉన్న మనిషిని మధ్యాహ్నం పూట ఎవరూ లేపేవారు కాదు, పిల్లలు అల్లరి చేస్తే వీధిలోకి తరిమేవారు. ఉపవాసం, జాగరణ రెండూ ఒకే రోజు పెట్టింది శివరాత్రికి. అదీ ఏడాదికొక్కసారి. మర్నాడు పారణ చేసి ఊరు ఊరంతా గుర్రుపెట్టేది. మీరేమో రోజూ శివరాత్రి చేస్తున్నారు. పారణ మాత్రం ఆదివారం బిర్యానీతో, సాయంత్రం నాలుగింటిదాకా నిద్రతో.

ఈ తేలికదనం ఎన్నాళ్లు నిలుస్తుందో తెలుసుకోవాలంటే 1944-45లో అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో యాన్సెల్ కీస్ చేసిన పని చదవండి. యుద్ధం చెయ్యడానికి మనస్సాక్షి ఒప్పుకోని 36 మంది కుర్రాళ్లు, మీ ఈడువాళ్లే, దీనికి ఒప్పుకుని వచ్చారు. 24 వారాలు రోజుకు సుమారు 1600 కేలరీలు పెట్టి, వారానికి 22 మైళ్లు నడిపించారు. ఒంటి బరువులో నాలుగో వంతు పోయింది. నాడి మందగించింది, ఎండలోనూ చలి వేసింది, మెట్లెక్కడమంటే కొండెక్కినట్టయింది. రాబడి తగ్గిన సంసారి ఖర్చు తగ్గించుకున్నట్టు ఒళ్లు తన ఖర్చులన్నీ కత్తిరించుకుంది. కొందరు వంటల పుస్తకాలు పోగేసుకుని చదువుకుంటూ కూర్చున్నారు. రాత్రి పన్నెండింటికి కీరదోస నములుతూ మావాడు ఫోన్లో హలీం చేసే వీడియోలు చూస్తుంటే నాకు వాళ్లే గుర్తొచ్చారు. పైగా ఆ 1600 అన్న అంకె, ఇప్పుడు మీ ఫోన్లలో తిరిగే డైట్ చార్టుల ముందు ధారాళంగా కనిపిస్తుంది.

ఇక రెండోవాడి మధ్యాహ్నపు తూగు. మేలుకున్న ప్రతి గంటకూ మెదడులో అడెనోసిన్ అనేది పోగవుతుంటుంది, నిద్రలో ఖాళీ అవుతుంది. కాఫీ దాన్ని ఖాళీ చెయ్యదు. అది కూర్చోవలసిన పీట మీద తాను కూర్చుంటుంది, అంతే. నాలుగింటికి తాగిన కాఫీలో సగం రాత్రి తొమ్మిదింటికి కూడా ఒంట్లోనే ఉంటుంది. ఇది కాక ఒంటిలో గడియారం ఒకటుంది. మధ్యాహ్నం ఒంటిగంటకూ మూడింటికీ మధ్య ఆ గడియారమే కాస్త కిందికి దిగుతుంది, భోజనం చేసినా చెయ్యకపోయినా. పాపం అన్నం ఇన్నేళ్లూ ఒక్కతే నింద మోసింది. కడుపునిండా అన్నం తింటే తూగు ఇంకాస్త ఎక్కువవుతుంది, కాదనను. కానీ అన్నం మానేసినంత మాత్రాన ఆ గుంట పూడదు. రాత్రి అయిదు గంటలే పడుకున్నవాడికి అదే గుంట బావి అవుతుంది.

జిమ్ములో చెమటోడ్చే మీ నలుగురికీ కడుపు మండే లెక్క ఒకటి ఉంది. షికాగో విశ్వవిద్యాలయం వాళ్లు 2010లో ప్రచురించారు. అధిక బరువున్న పదిమందికి 14 రోజులు ఒకే రకంగా తిండి తగ్గించి, ఒకసారి రాత్రికి ఎనిమిదిన్నర గంటలు పడక మీద ఉండనిచ్చారు, ఇంకోసారి అయిదున్నర గంటలే. రెండుసార్లూ తగ్గిన బరువు ఇంచుమించు ఒకటే, మూడు కిలోలు. అయితే చాలినంత పడుకున్నప్పుడు అందులో కొవ్వు 1.4 కిలోలు, నిద్ర కోసినప్పుడు 0.6 కిలోలు. మిగతాది కండ వగైరా. కాటాకు ఆ తేడా తెలియదు. అది మూడు కిలోలని చూపిస్తుంది, మీరు ఫొటో తీసి గ్రూపులో పెడతారు. పదిమందితో చేసిన చిన్న పరీక్షే, ఒప్పుకుంటాను. అయినా ఆ అయిదున్నర గంటలన్నది అచ్చం మీ గది టైంటేబులే కాబట్టి రాశాను.

అదే ఊళ్లో 2004లో 12 మంది ఆరోగ్యవంతులైన కుర్రాళ్లను రెండు రాత్రులు నాలుగేసి గంటలే పడుకోనిచ్చి చూశారు. పది గంటలు పడుకున్నప్పటితో పోలిస్తే ఆకలి రేపే గ్రెలిన్ 28 శాతం పెరిగింది, చాలు అని చెప్పే లెప్టిన్ 18 శాతం తగ్గింది. తీపి మీదికి, కారప్పూస లాంటి ఉప్పటి వాటి మీదికి మనసు ఎక్కువ పోయింది. మీ వంటింటి అలమరలో బిస్కెట్ల డబ్బా నేను వచ్చిన రోజున నిండుగా ఉంది. గురువారానికి అడుగు కనిపించింది. దానికి మనోబలం లేదని ఒకర్నొకరు తిట్టుకున్నారు. మనోబలం సంగతి తర్వాత, ముందు పడుకోండి.

మధ్యాహ్నం కునుకు తియ్యొచ్చా అని అడిగారు. నా అనుభవం చెబుతాను. రాత్రంతా బ్రేక్ వ్యానులో ఊగి ఊగి బిట్రగుంట చేరేసరికి పొద్దెక్కేది. రన్నింగ్ రూంలో వేడన్నం, పప్పు, పెరుగు పెట్టించుకుని పడుకుంటే మళ్లీ కాల్ బాయ్ వచ్చి తలుపు కొట్టేదాకా ఒంటిమీద తెలివి ఉండేది కాదు. అది పగటి నిద్ర కాదు, పగటికి మారిన రాత్రి నిద్ర. ఆ రోజులకు అది తప్పదు. కానీ సెలవు రోజున ఇంట్లో అలాగే మూడు గంటలు పడుకుని లేస్తే ఏ ఊరో, ఏ పూటో తెలిసేది కాదు. తల మొద్దుబారేది, ఆ రాత్రి కప్పు చూస్తూ పడుకునేవాణ్ణి. ఇప్పుడు రెండున్నరకు నడుం వాలిస్తే మీ నాయనమ్మ ఇరవై నిమిషాలకు లేపేస్తుంది. నా కాల్ బాయ్ ఆవిడే. గాఢనిద్రలోకి దిగకముందే లేస్తాం కాబట్టి మత్తు ఉండదు. నాసా వాళ్లు దూరప్రయాణం చేసే పైలట్లకు వంతులవారీగా 40 నిమిషాలు విశ్రాంతి ఇస్తే సగటున 26 నిమిషాలు నిద్రపోయారు, తర్వాత చురుగ్గా విమానం నడిపారు. మా కాలంలో డ్యూటీలో రెప్ప వాలిస్తే మెమో ఇచ్చేవారు. విమానాలవాళ్ల మీద నాకిప్పటికీ కొంచెం అసూయే.

మీ నాయనమ్మ చరకుణ్ణి అడ్డం పెట్టుకుంటుంది. ఆయన ఆహారం, నిద్ర, బ్రహ్మచర్యం ఒంటికి మూడు ఊతకర్రలన్నాడు. లావెక్కడం, చిక్కిపోవడం రెండూ తిండితోపాటు నిద్ర మీద కూడా ఆధారపడతాయన్నాడు. పగటి నిద్ర గ్రీష్మంలోనే అన్నాడు, కొవ్వు పట్టినవాళ్లకు అసలు కూడదన్నాడు. రాత్రి మేలుకుని అలసినవాళ్లకు మాత్రం మినహాయింపు ఇచ్చాడు. మీరు ఆ మినహాయింపు కిందికి వస్తారని సంబరపడకండి. ఆయన చెప్పిన మేలుకోవడంలో ఫోను లేదు.

తూగంతా నిద్ర కాదని నాకు దెబ్బ తిన్నాకే తెలిసింది. కొన్నేళ్ల కిందట ఊరంతా ఏదో ఒక డైట్ పట్టుకున్న రోజుల్లో నేనూ పూనుకుని రాత్రి భోజనం మానేశాను. షుగరు మాత్ర మాత్రం యథాప్రకారం వేసుకున్నాను. నాలుగో రోజు కుర్చీలో కూర్చుంటే కళ్లు మూతలు పడ్డాయి. వయసైపోయిందిలే అనుకుని మీ నాయనమ్మ దుప్పటి కప్పింది. కాసేపటికి బనియను తడిసి ముద్దయిపోవడం చూసి తట్టి లేపింది. చేతులు వణుకుతున్నాయి, మాట తడబడుతోంది. బెల్లం నీళ్లు తాగాక గానీ ఇంట్లో ఎక్కడున్నానో తెలియలేదు. మాత్ర మార్చకుండా తిండి మానమని ఎవరు చెప్పారని డాక్టరు అడిగితే తల దించుకున్నాను, చెప్పింది ఎవరూ కాదు కాబట్టి. మీ అమ్మానాన్నల్లో షుగరు మందులు వాడేవాళ్లుంటే మీ ఉపవాసాల పాఠాలు ఫోన్లో వాళ్లకు చెప్పకండి. ముందు డాక్టరును కనుక్కోమనండి. రక్తం తక్కువైనా, థైరాయిడ్ మందగించినా కూడా పగలు నిద్ర ముంచుకొస్తుంది, చాలినంత పడుకున్నా తూగు పోని ఆడపిల్లలు ముందు ఆ రెండు పరీక్షలు చేయించుకోవాలి.

వచ్చే నెల మళ్లీ వస్తున్నాను. అన్నం తింటారో జొన్నరొట్టె తింటారో మీ ఇష్టం, రాత్రి ఎనిమిదిలోపు ఏదో ఒకటి కడుపులో పడాలి. పడుకునే ముందు మరీ కాలితే ఓ గ్లాసు మజ్జిగ, గుప్పెడు ఉడికించిన శనగలు. పదకొండుకు నాలుగు ఫోన్లూ చెప్పుల స్టాండు మీద ఉంటాయి, నేనే కాపలా. జిమ్ము, నిద్ర రెండూ కుదరని రోజున జిమ్మే మానండి. 2022లో షికాగోవాళ్లే తక్కువ నిద్రపోయే, బరువెక్కువున్న 21-40 ఏళ్లవాళ్లకు ఇంట్లోనే రోజూ గంటా పది నిమిషాల పైన నిద్ర పెంచి చూశారు. ఎవరూ డైట్ చెయ్యమనకుండానే వాళ్లు రోజుకు 270 కేలరీలు తక్కువ తిన్నారు.

ఇట్లు,
మీ తాతయ్య

తా.క.: నాలుగోవాడి సంగతి. వాడు తిండి మానడు, నిద్రా మానడు. ఆదివారం పది గంటలు పడుకుని లేచి టీవీ ముందు మళ్లీ నిద్రపోయాడు. వాణ్ణి బద్ధకస్తుడని ఏడిపించకండి. రన్నింగ్ రూముల్లో ఎన్నో గురకలు విన్నవాణ్ణి. వాడి గురక మధ్యలో ఆగిపోతోంది, ఊపిరి కూడా ఆగి, తర్వాత ఎగశ్వాసతో మళ్లీ మొదలవుతోంది. శనివారం రాత్రి రెండింటికి గడియారం పెట్టుకుని గంటలో పందొమ్మిదిసార్లు లెక్కపెట్టాను. చెవి, ముక్కు, గొంతు డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి, నిద్రలో చేసే పరీక్ష ఉంటుంది. ఖర్చు గురించి వెనకాడితే నాకు ఫోన్ చెయ్యమనండి.