గాజు గిన్నెలో కాపురం

"సర్దుకుపోతుందండీ" అన్న మాట చెవిన పడితే చాలు, నాకు ఒళ్ళు మండుతుంది. పెళ్ళిచూపుల్లో పిల్ల తల్లి అంటుంది, "మా అమ్మాయి ఎక్కడైనా సర్దుకుపోతుందండీ" అని. బదిలీ కాగితం చేత్తో పట్టుకుని అయ్యగారంటారు, "మా ఆవిడ సర్దుకుపోతుంది లెండి" అని. సరే, మనకి నోరుంది. ఇవాళ కాకపోతే రేపు, పోపు గింజలతోపాటు ఆ మాటనీ మూకుట్లో వేసి చిటపటలాడించగలం. నోరుండీ మాటలేని చేపని చూపించి కూడా అదే మాటంటే, దాని తరఫున ఎవరు చిటపటలాడాలి? అందుకే నేను.

మావారికి అరకు బదిలీ అయిన సంవత్సరం సంగతి. రైలెక్కే ముందురోజు విశాఖలో ఒక రంగుచేపల దుకాణం ముందు మావాడు మొరాయించాడు. వరసగా ప్లాస్టిక్ గ్లాసులు, గ్లాసుకో చేప. నీలం, ఎరుపు, నెమలికంఠం రంగులు. పట్టుచీర కుచ్చిళ్ళు జారవిడిచినట్టు తోకలు. "ఫైటర్ అంటారమ్మా దీన్ని. బెట్టా అని అసలు పేరు. గాలి మోటారు అక్కర్లేదు, ఫిల్టరు అక్కర్లేదు, చిన్న గాజు గిన్నె చాలు. సర్దుకుపోతుంది" అన్నాడు దుకాణంవాడు. నేను నమ్మాను. ఇరవయ్యేళ్ళుగా ఆ మాట వింటూ వచ్చినదాన్ని, నాకైనా అనుమానం రావద్దూ?

కిరండూల్ రైల్లో సొరంగం వచ్చినప్పుడల్లా మావాడు సీసాని గుండెకి అదుముకున్నాడు, చేప చీకట్లో భయపడుతుందని. అరకులో దాన్ని కిటికీ గట్టు మీద రెండు లీటర్ల గాజు గిన్నెలో పెట్టాం. వానాకాలం, దసరా హాయిగా గడిచాయి. అద్దం చూపిస్తే చాలు, చెంపలు పొంగించి, తోక విసనకర్రలా విప్పి, అద్దంలోని తన మీదకే కత్తి దూసేది. ఇంటికొచ్చినవాళ్ళందరికీ అదో వినోదం.

డిసెంబరు వచ్చింది. సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తున ఉన్న ఊరు మాది. చలికాలం రాత్రుళ్ళు 10 డిగ్రీల లోపుకి దిగడం ఇక్కడ వింత కాదు. మంచు చూడాలని మైదానం వాళ్ళు కార్లేసుకుని అరకుకీ, లంబసింగికీ వచ్చేది ఆ రోజుల్లోనే. మేం స్వెట్టర్లు తీశాం, రగ్గులు దులిపాం. చేప మాత్రం రెక్కలు ముడుచుకుని గిన్నె అడుగున పడుకుంది. మేత వేస్తే చూడదు, అద్దం పెడితే కదలదు. "బెట్టు చేస్తోంది" అన్నారు మావారు, పేరుకి తగ్గట్టు చమత్కరించాననుకుని.

మాకు కూరలు తెచ్చే ఆవిడ కొండదిగువ పల్లె నుంచి వస్తుంది. ఒకరోజు తట్ట దించి, గిన్నె మీద చెయ్యి ఆనించి, "అబ్బ, ఇంత సల్లగా ఉందేటమ్మా? మేవే కుంపటి దగ్గర తొంగుంటన్నాం. దీనికి కుంపటేదీ?" అంది. ఇంట్లో ఇద్దరు డిగ్రీలవాళ్ళం ఉన్నాం. ఆ ప్రశ్న మా ఇద్దరికీ తట్టలేదు. జనవరిలో భోగి ముందురోజు పొద్దున్న చేప వెల్లకిలా తేలింది. మావాడు రెండు రోజులు నాతో మాట్లాడలేదు. వాడి కోపం న్యాయమైనదే.

ఆ తర్వాత తెలుసుకున్న సంగతులే ఇవి. ముందు తెలుసుకోవలసినవి!

ఈ చేప పుట్టిల్లు థాయ్‌లాండ్. 2019లో ఆ దేశం దీన్ని తమ జాతీయ జలచరంగా ప్రకటించుకుంది. అక్కడ వరిచేలల్లో, గడ్డి మొలిచిన మడుగుల్లో ఉంటుంది. "ఆవు గిట్ట గుంటలో కూడా బతుకుతుంది" అని దుకాణాలవాళ్ళు చెప్పే కథ ఇక్కణ్ణించే పుట్టింది. వరిచేను లోతు తక్కువే, ఒప్పుకుంటాను. కానీ వెడల్పు? ఈ గట్టు నుంచి ఆ గట్టు దాకా నీళ్ళే కదండీ! ఎండాకాలంలో నీళ్ళింకిపోయి గుంటలో చిక్కుకుంటే ప్రాణం బిగబట్టుకుని ఉంటుంది, వాన వస్తుందని. కరువు రోజుల్లో గంజి తాగి బతికారు గనక జీవితాంతం గంజే చాలంటే ఎలా ఉంటుంది? మన రైతుల మాటల్లో బెట్ట అంటే నీటి ఎద్దడి. పేరు భలే కుదిరింది, ఆ ఎద్దడిలోనే దాన్ని పెంచుతున్నాం గనక.

ఇక గాలి మోటారు అక్కర్లేదన్న మాట. అది నిజమే, సగం నిజం. మన కొర్రమీనులాగే ఇదీ నీటిపైకి వచ్చి గాలి గుటక వేస్తుంది. తలలో అందుకు ప్రత్యేకమైన అవయవమే ఉంది. సంతలో గంపలో పడేసిన కొర్రమీను గంటల తరబడి కొట్టుకుంటూ ఉండడం మీరూ చూసే ఉంటారు. అంతమాత్రాన గంప దాని ఇల్లంటామా? ఊపిరాడితే సరిపోతుందా? ఒంటికి వెచ్చదనం కావాలి, నీళ్ళలో విషం చేరకూడదు. ఈ రెండూ గాలి గుటకతో తీరేవి కావు.

వెచ్చదనం అంటే 24 నుంచి 28 డిగ్రీలు. చేప ఒంట్లో మనలా పొయ్యి లేదు. నీళ్ళెంత చల్లనైతే అదీ అంత చల్లన. జీర్ణం మందగిస్తుంది, రోగాన్ని తట్టుకునే శక్తి పోతుంది, తోక అంచులు చివుకుతాయి. చిన్న గిన్నెతో వచ్చే చిక్కు ఇంకొకటి. గ్లాసులో కాఫీ చల్లారినంత తొందరగా గుండిగలో నీళ్ళు చల్లారవు కదా! రెండు లీటర్ల గిన్నె మధ్యాహ్నం ఎండకి వేడెక్కి, రాత్రికి మంచయిపోతుంది. చిన్న తొట్టి అంటే చిన్న పని అనుకుంటాం గానీ, పని చిన్నదయ్యేది పెద్ద తొట్టిలోనే.

విషం మాటకొస్తే, అందులో నా పాపం ఎక్కువ. చేప విసర్జించేదీ, తినక వదిలేసిన మేతా కుళ్ళి అమ్మోనియా అవుతుంది. కంటికి కనపడదు, నీళ్ళు తేటగానే ఉంటాయి. తొట్టిలో ఉండే మంచి సూక్ష్మజీవులు దాన్ని నైట్రైట్‌గా, ఆ తర్వాత అంత హాని చెయ్యని నైట్రేట్‌గా మారుస్తాయి. అవి గులకరాళ్ళనీ స్పాంజి ఫిల్టరునీ పట్టుకుని పెరగడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. నేనేం చేసేదాన్నో తెలుసా? ప్రతి ఆదివారం నీళ్ళన్నీ పారబోసి, రాళ్ళని సబ్బుపొడితో తోమి, గిన్నె తళతళలాడించి, కొళాయి కింద నింపేదాన్ని. శుభ్రమైన ఇల్లాలినని మురిసిపోయాను కూడా. తోడు గిన్నె కడిగేసి, పెరుగు తోడుకోలేదని పాలవాణ్ణి తిట్టినట్టుంది నా పని!

ఇప్పుడు మా ఇంట్లో రెండో బెట్టా ఉంది. తొట్టి 20 లీటర్లు, అంటే మంచినీళ్ళ డబ్బా ఒకటి పట్టేంత. తొట్టి ముందు వచ్చింది, చేప రెండు నెలల తర్వాత వచ్చింది. మొదట చిటికెడు మేత వేసి సూక్ష్మజీవుల్ని పెంచి, పరీక్ష చుక్కలతో నీళ్ళు చూసి, అమ్మోనియా, నైట్రైటూ సున్నా అయ్యాకే దాన్ని తెచ్చాం. వారానికోసారి నాలుగో వంతు నీళ్ళే మారుస్తాను. క్లోరిన్ వేసిన కొళాయి నీళ్ళైతే అది విరిచే మందు రెండు చుక్కలు కలపాలి. చలికాలంలో కాస్త వేణ్ణీళ్ళు కలిపి, థర్మామీటరు పెట్టి, తొట్టితో సరిచూశాకే పోస్తాను. స్పాంజిని తీసేసిన పాత నీళ్ళలోనే పిండుతాను. మేత పొద్దున్న రెండు గింజలు, సాయంత్రం రెండు. వారంలో ఒకరోజు ఏకాదశి. ఇడ్లీ ముక్కలూ మెతుకులూ వెయ్యకండి తల్లీ, అది పురుగుల్ని తినే జీవి. తొట్టికి మూత పెడితే పైన గాలి వెచ్చగా ఉంటుంది, చేప బయటికి దూకకుండానూ ఉంటుంది. విశాఖ నుంచి తెచ్చుకున్న ఎండు బాదం ఆకు ఒకటి వేస్తే నీళ్ళు పలచటి డికాక్షన్ రంగుకి తిరుగుతాయి, దాని సొంత మడుగు నీళ్ళలాగా. అలాగని బాదం ఆకే వైద్యం, చలికీ అదే మందు అని చెప్పేవాళ్ళని నమ్మకండి. ఆకు హీటరు కాదు.

హీటరు మాట ఎత్తగానే మా ఆడపడుచు దులిపేసింది. "చేపకి హీటరా వదినా! కొండమీద మనుషులకే లేదు." ఆ మాట గుచ్చుకుంది, గుచ్చుకోవలసిన మాటే. దానికి నా దగ్గరున్న జవాబు ఒకటే: అయితే కొనకండి. ఆ కూరలావిడ చేప కొనలేదు, చంపనూ లేదు. కొన్నది మనం. 50 వాట్ల హీటరు రోజంతా ఆరకుండా వెలిగినా 1.2 యూనిట్లు, వేడి చాలగానే దానంతటదే ఆరిపోతుంది గనక అంతా కాదు. కరెంటు పోతే తొట్టి చుట్టూ థర్మోకోలు అట్టలూ, పైన పాత దుప్పటీ. అంత ఓపికా ఖర్చూ లేకపోతే సిగ్గేం లేదు, కిటికీలో బంతిపూల కుండీ పెట్టుకోండి.

పెంచలేక ఏ చాపరాయి వాగులోనో వదిలేస్తే పుణ్యమనుకునేవాళ్ళూ ఉన్నారు. ఆ నీళ్ళలో చలికాలం అది నిలవదు, నిలిస్తే వాగు చేపలకి కొత్త తగువు.

ఈమధ్య పుట్టినరోజు పండగల్లో వచ్చిన పిల్లలందరికీ తలో గ్లాసు చేప చేతికిచ్చి పంపడం మొదలైందట. తల్లిని ఒక్క మాట అడక్కుండా, ఆ ఇంట్లో తొట్టి ఉందో లేదో చూడకుండా! పెన్సిలు పెట్టె ఇవ్వండమ్మా, లడ్డూ ఇవ్వండి.

మొన్న సంక్రాంతికి విశాఖ వెళ్ళినప్పుడు ఒక దుకాణంలో స్పాంజి కొంటున్నాను. పక్కనే ఒకమ్మాయి, పదేళ్ళుంటాయేమో, గ్లాసులో ఎర్ర చేపని చూస్తోంది. "చిన్న గిన్నె చాలు పాపా, సర్దుకు..." అని మొదలెట్టాడు అబ్బాయి. నేను సంచీ కింద పెట్టాను. "బాబూ, ఆ గ్లాసులో నీళ్ళెన్ని? ఎన్నాళ్ళయింది మార్చి? థర్మామీటరుందా నీ కొట్లో?" అని అడిగాను. వాడు నా వంకా, ఆ పిల్ల తల్లి వంకా చూశాడు. ఆ తల్లి నన్ను ఎగాదిగా చూసి, "తొట్టెంతండీ, 20 లీటర్లది?" అంది.

చేప మాత్రం ఆరోజు కొనలేదు. తొట్టి ఒక్కటే ఆటోలో ఎక్కించుకుని వెళ్ళారు.