ఎన్నుకొనువారును, ఎన్నుకొనబడువారును

2025వ సంవత్సరము ఏప్రిలు 6వ తేదీ, శ్రీరామనవమి నాటి రాత్రి, ఉప్పలు క్రీడారంగమునందు హైదరాబాదు జట్టును గుజరాతు జట్టు ఏడు వికెట్ల తేడాతో ఓడించెను. ఓటమిని గూర్చి వ్రాయుట మా యుద్దేశము గాదు. నాడు నాలుగు ఓవర్లు వేసి, 17 పరుగులు మాత్రమే యిచ్చి, మనవారిని నలుగురిని పడగొట్టిన బౌలరు మహమ్మదు సిరాజు. అతడు ఈ నగరమువాడే. ఆటోరిక్షా నడిపి సంసారము నీడ్చిన తండ్రికి కుమారుడు. టెన్నిసు బంతితో వీధులలో ఆట నేర్చినవాడు. మొట్టమొదట అతనిని వేలములో గొన్నది గూడ హైదరాబాదు జట్టే. మన యింటి దీపమే మనకు చీకటి చూపి పోయినట్లయినది.

ఈ విషయమును నాచారములో టీకొట్ల కడను, మా పాఠశాల ప్రహరి ప్రక్కను విద్యార్థులు పలు దినములు చర్చించిరి. "అట్టివానిని వదలుకొన్న వారికి కన్నులు లేవా?" యని వారి ప్రశ్న. ప్రశ్న సహజమే. కాని నిదానించి చూచినచో, అది యొక జట్టుకు సంబంధించిన ప్రశ్న మాత్రమే గాక, యువకుల శక్తిని తూచవలసిన ప్రతివారికిని, అనగా ఉపాధ్యాయులకును, తల్లిదండ్రులకును, మాకును సంబంధించినదిగా దోచుచున్నది.

మొదట న్యాయముగా జెప్పవలసినది చెప్పుదము. 2016-17 రంజీ పోటీలలో సిరాజు హైదరాబాదు పక్షమున 41 వికెట్లు తీసెను. 2017 వేలములో అతని కనీసపు ధర 20 లక్షలు కాగా, సన్‌రైజర్స్ హైదరాబాదువారు 2 కోట్ల 60 లక్షలకు గొనిరి. కావున వారికి కన్నులు లేవనుట తప్పు. ఆ యేడు ఆరు పందెములలో పది వికెట్లు తీసెను. 2018లో దాదాపు ఆటగాండ్రందరును మరల వేలమునకు రాగా, బెంగుళూరువారు సరిగా అంత ధరకే అతనిని దీసికొనిరి. తరువాతి కథ మనము మరవరాదు. 2019లో అతని బంతులను ఎల్లవారును చావబాదిరి. పోయి తండ్రితోడ ఆటో నడుపుకొమ్మని జనులు పరిహసించిరి. 2020 అక్టోబరులో కలకత్తా జట్టుపై రెండు ఓవర్లు పరుగు లేకుండ వేసి, 8 పరుగులకు మూడు వికెట్లు తీసెను. అదే సంవత్సరము నవంబరులో, తాను ఆస్ట్రేలియాలో నుండగా తండ్రి గతించెను. అతడు మరలి రాక అచ్చటనే నిలిచి, డిసెంబరులో మెల్బోర్నున మొదటి టెస్టు ఆడెను. 2017లో నే పరీక్షకుడు ఏ తక్కెడలో ఈ గుండెను తూచగలిగియుండును?

ఇక మా సొంత తప్పిదము నొకదానిని చెప్పుకొందుము. కొన్నియేండ్ల క్రిందట మా పాఠశాల బాస్కెట్ బాల్ జట్టునకు ఒక్క స్థానము మిగిలియుండగా ఇద్దరు బాలురు నిలిచిరి. ఒకడు తాటిచెట్టు వలె పొడుగు; వాని బార చూచియే మేము మురిసితిమి. రెండవవాడు పొట్టివాడు, కాని బంతి ఎచటికి రాబోవునో ముందే యెరిగి అచట నుండెడివాడు. "ఆట నేర్పవచ్చును గాని పొడుగు నేర్పలేము గదా" యని మేము పెద్దమనుష్యులవలె తలలూపి, మొదటివానిని దీసికొంటిమి. పొట్టివాడు మరుసటి యేడు వేరొక పాఠశాలకు బోయి, మండల పోటీలలో మామీదనే ఆడి, మా పొడుగువాని చంకక్రిందనుండి దూరి బంతిని బుట్టలో వేసిపోయెను. ప్రేక్షకులు నవ్విరి. మేమును నవ్వితిమి, కాని మా పొడుగువాడు నవ్వలేదు. వానికి మోకాళ్ల నొప్పి. అంతకు మించి, తన్ను ఎన్నినవారికి తాను ఋణపడితినన్న దిగులు. ఆ సంవత్సరాంతమున వాడు ఆట మానివేసెను. పొట్టివానికి మేము చేసిన అన్యాయము నాటితో తీరినది. పొడుగువానికి చేసినదే నేటికిని మమ్ము బాధించుచున్నది.

ఇట్టి తప్పిదమునందు మాకు గొప్పవారే తోడున్నారు. అమెరికా దేశమున బాస్కెట్ బాల్ వృత్తి జట్లు కళాశాలలలోని యువకులను వేలము వేయవు. వంతుల చొప్పున ఎన్నుకొనును. దానిని డ్రాఫ్టు అందురు. నేడు ముప్పది జట్లకు రెండేసి వంతులు. వెనుకబడిన జట్లకు ముందుగా ఎన్నుకొను అవకాశము హెచ్చు. ఓడినవానిని ముందు పిలిచి వడ్డించు ఈ పద్ధతి మాకు నచ్చినది. ఎంపికకు ముందు యువకుల ఎత్తు, బార, ఎగురు శక్తి అన్నియు అంగుళములతో గొలుతురు. 1984లో రెండవ వంతు పోర్టులాండువారిది. వారు ఏడడుగుల శామ్ బౌయీని ఎన్నుకొనిరి. మూడవ వంతున చికాగోవారికి మైకేలు జోర్డాను దక్కెను. పోర్టులాండువారు మూఢులు గారు. జోర్డాను ఆడు స్థానమున వారికి క్లైడ్ డ్రెక్స్‌లరు అప్పటికే యుండెను, లేనివాడు పొడుగువాడు. కాని బౌయీ కాలియెముక విరిగి కళాశాలలో రెండేండ్లు ఆడనేలేదు. లోటు పూడ్చుకొను తొందరలో వారు ఆ కాలిని చూచియు చూడనట్లయిరి.

మన దేశమునను ఒక్కసారి అట్టి డ్రాఫ్టు జరిగినది. 2008లో, ఇండియన్ ప్రీమియర్ లీగు ఆరంభమునకు ముందు, పందొమ్మిదేండ్లలోపువారి ప్రపంచపోటీ గెలిచి వచ్చిన బాలురను జట్లు వంతులవారిగా ఎన్నుకొనెను. మొదటి వంతు ఢిల్లీది. వారి యూరివాడే, గెలిచిన జట్టుకు నాయకుడు, విరాట్ కోహ్లీ యెదుట నుండగా, తమకు బ్యాటు పట్టువారు చాలమంది కలరని తలచి, ప్రదీప్ సంగ్వానను బౌలరును దీసికొనిరి. కోహ్లీని బెంగుళూరువారు దీసికొనిరి. తరువాతి చరిత్ర చదువరు లెరిగినదే. మా మనవి యేమనగా, సంగ్వాను చెడ్డ బౌలరు గాడు, బౌయీ చెడ్డ ఆటగాడు గాడు. కాని లోకము వారిని వారి యాటనుబట్టి గాక, వారికి బదులుగా రావలసియుండినవానిని బట్టి తలచుకొనుచున్నది. ఇంతకంటె కఠినమైన శిక్ష యుండునా? ఆ శిక్ష విధించినది ఎన్నుకొన్నవారు, అనుభవించినది ఎన్నుకొనబడినవారు.

కావున నేటి జట్టునందలి లోటును పూడ్చుటకు మాత్రమే పదునెనిమిదేండ్లవానిని ఎన్నుకొనరాదని మా దృఢాభిప్రాయము. లోటు రెండేండ్లలో మారును. బాలుడు ఎదుగుటకు అంతకంటె నెక్కువ కాలము పట్టును.

అంకెలను గూర్చి రెండు మాటలు. అంకెలు అబద్ధమాడవని లెక్కల ఉపాధ్యాయులు చెప్పుదురు; క్రీడలలో అవి సగము నిజము చెప్పి ఊరకుండును. 2024 మార్చి 27న ఉప్పలులోనే మన జట్టు 277 పరుగులు చేయగా, ముంబయివారు 246 చేసిరి. అట్టి రాత్రి ఒకడు ఏబది చేసెననుటకును, బంతి తిరుగుచు ఆగి వచ్చు నేలపై ముప్పది చేసెననుటకును గల భేదము పత్రికలోని పట్టికలో గానరాదు. విశాఖపట్టణపు నితీశ్ కుమార్ రెడ్డి 2017-18లో పదునారేండ్లలోపువారి విజయ్ మర్చంటు పోటీలలో 1,237 పరుగులు చేసెను. అందు నాగాలాండుపై ఒక్క ఇన్నింగ్సులోనే 441. ఆ సంఖ్యను చూచి మైమరచువారు కొందరు, ఎదుటివారు బలహీనులని కొట్టివేయువారు కొందరు. హైదరాబాదువారు ఈ రెండును చేయక, 2023 జట్టుకొరకు కనీసపు ధరయగు 20 లక్షలకే దీసికొని, ఆ యేడు దాదాపు కూర్చుండబెట్టి, మరుసటి యేడు ఆడనిచ్చిరి. 2024లో అతడు 303 పరుగులు చేసెను. ఆ డిసెంబరు 28న మెల్బోర్ను టెస్టులో నూరు దాటెను. అభిషేక్ శర్మ విషయమునను వారి యోర్పు మెచ్చదగినదే: 2022లో 426 పరుగులు, 2023లో 226, 2024లో 484. రెండవ సంఖ్య కడ భయపడి వదలియుండినచో, 2025 ఏప్రిలు 12న ఉప్పలు ప్రజలు అతని 141 పరుగుల యాట చూచియుండరు. సిరాజు విషయమున గానరాని యోర్పు ఇచట గనబడినది. ఒకే జట్టు, రెండు గుణములు! మన యిండ్లలోను ఇట్లే గదా. చిన్నకొడుకు కడనున్న సహనము పెద్దవాని కడ నుండదు.

వయస్సు మరియొక చిక్కు. పదునాలుగేండ్లకే మీసము మొలిచినవాడు తోడివారిపై సింహమువలె ఆడును. తక్కినవారును ఎదిగినపిదప సింహము పిల్లి యగుట మేము పలుమారులు చూచితిమి. క్రికెట్టు బోర్డువారు చిన్న తరగతుల పిల్లలకు ఎముకల పరీక్ష జేయుటకు వయస్సు దాచువారే ముఖ్య కారణము. కాని వయస్సు దాచనివారిలోను ఎదుగుదల యొక్కరీతిగా నుండదని పరీక్షకులు గుర్తింపవలెను. దీనికి వ్యతిరేకముగా వైభవ్ సూర్యవంశీని చూపువారు కలరు. పదుమూడేండ్ల ఆ బాలుని 2024 నవంబరులో రాజస్థాన్‌వారు కోటి పది లక్షలకు గొనిరి. 2025 ఏప్రిలు 28న 35 బంతులలో నూరు పరుగులు చేసి, మావంటి సందేహపరుల నోళ్లు మూయించెను. మూసికొంటిమి. అయినను అట్టివా డొకడు గనుకనే లోకము ఆశ్చర్యపడినది.

ఎంపికలో తప్పినవారికి దారి మూసికొనిపోయెనని బాలికలైనను బాలురైనను తలంపరాదు. భద్రాచలము నుండి వచ్చి సికిందరాబాదున ఆట నేర్చిన గొంగడి త్రిష, 2024 డిసెంబరు నాటి స్త్రీల లీగు వేలములో ఎవరును కొనకపోగా, రెండు నెలలు తిరుగకమునుపే పందొమ్మిదేండ్లలోపు ప్రపంచపోటీలలో 309 పరుగులు, ఏడు వికెట్లు సాధించి, ఆ పోటీ కంతటికిని ఉత్తమ క్రీడాకారిణి యయ్యెను.

తల్లిదండ్రులకు మేము విన్నవించునది మరియొకటి కలదు. ఉప్పలు చుట్టుప్రక్కల నేడు క్రికెట్టు శిక్షణాలయములు పెక్కు వెలసినవి. నాచారపు కర్మాగారములలో పగలెల్ల పనిచేసి, ఆ జీతముతో పిల్లవానికి బ్యాటు కొనిపెట్టి, తెల్లవారుజామున స్కూటరుపై దిగవిడుచు తండ్రులను మేమెరుగుదుము. వారి త్యాగమును తక్కువ చేయము. కాని లెక్క చూడుడు. 2024 నవంబరున జెడ్డాలో జరిగిన వేలమునకు 1,574 మంది పేరులిచ్చిరి. 577 మంది తుది జాబితా కెక్కిరి. అమ్ముడుపోయినవారు 182 మంది. ఆ పేరులిచ్చినవారు వీధి బాలురు గారు. ప్రపంచమందలి పలు దేశముల మేటి యాటగాండ్రు. జట్టుకు ఇరువదియైదుగురికి మించి పనికిరాదు, జట్లు పది. ఈ యేడు మా పదవ తరగతిలో నొకడు ఎంపిక పోటీకి బోవుటకై అర్ధవార్షిక పరీక్ష మానెను. అడిగిన, "తిలక్ వర్మ చదువుకొనెనా, సార్?" అనెను. తిలక్ వర్మ ఎలక్ట్రీషియను కుమారుడు, మన నగరమువాడు; 2022లో ముంబయివారు కోటి 70 లక్షలకు గొనగా మొదటి యేడే 397 పరుగులు చేసెను. వాని పేరు చెప్పుట సులభమే. వానితోడ అదే మైదానములో చెమటోడ్చి, నేడు పేరు తెలియనివారి నెవరు చెప్పుదురు?

ఆ విద్యార్థిని మేము కోపింపలేదు. పరీక్ష వేరొకనాడు వ్రాయించితిమి. ఎంపిక పోటీలో ఏమయ్యెనని అడుగగా, ఆరు బంతులు వేయనిచ్చి పంపిరని చెప్పెను. ఆరు బంతులలో ఒక బాలుని భవిష్యత్తును తూచు నేర్పు మాకు లేదు. ఉన్నదనువారిని మేము నమ్మము. ఒకని చేతిలో బంతి యున్నపుడు గాక, లేనపుడు వాడేమి చేయుచున్నాడో చూడవలెను. తన బంతికి వచ్చిన క్యాచిని స్నేహితుడు జారవిడిచిన పిదప వాని తరువాతి బంతి యెట్లున్నదో చూడవలెను. ఓడిన మరునాటి ఉదయము సాధనకు వచ్చెనా, రాలేదా యని చూడవలెను. ఇందుకు ఒక ఋతువు పట్టును, ఒక్కొక్కప్పుడు రెండు.

రాబోవు జూలైలో మా బాస్కెట్ బాల్ జట్టు ఎంపిక ఒక్క దినమున గాక ఆరు వారములు జరుగును. కొలత టేపును మొదటి మూడు వారములు కార్యాలయపు బీరువాలో ఉంచుటకు వ్యాయామోపాధ్యాయుడు అంగీకరించినాడు.