రాజారావును తారల తాసులో తూచవద్దు

ఇటీవల బి.ఏ. తరగతిలో ఆధునిక నాటకం పాఠం చెబుతూ, డాక్టర్ గరికపాటి రాజారావు ఎవరో తెలుసునా అని అడిగాను. చాలాసేపు ఎవరూ పలకలేదు. చివరి బల్లమీది కుర్రవాడొకడు లేచి, “జమునను సినిమాల్లోకి తెచ్చినాయన గదా సార్” అన్నాడు.

అతడు చెప్పినది తప్పు కాదు. 1953లో విడుదలైన ‘పుట్టిల్లు’ చిత్రానికి దర్శకుడు రాజారావే. జమున, అల్లు రామలింగయ్య తెరమీదికి వచ్చింది ఆ చిత్రంతోనే. కుర్రవాణ్ణి నేను నిందించను. ఆ ఒక్క ముక్క తప్ప మరేమీ అతని చెవిన పడకుండా చేసినవారెవరు? జయంతికీ వర్ధంతికీ వేదికలెక్కి, రాజారావు ఎందరో తారలను చిత్రసీమకు అందించిన మహానుభావుడని పొగిడేవారిలో సినిమావారు మాత్రమే లేరు. అభ్యుదయవాదులమని చెప్పుకునే మనమూ వున్నాం. యీ పొగడ్తను నేను అవమానంగా భావిస్తున్నాను. ఎందుకో చెప్పడానికే యీ వ్యాసం.

రాజారావును తారల లెక్కన తూచేవారి దృష్టిలో తెలుగు నాటకమంటే సినిమాకు నారుమడి. నారు పీకి మరోచోట నాటుకున్నాక ఆ మడిని ఎవరు తలచుకుంటారు? ఎందరు నటులు మద్రాసుకు చేరారన్న లెక్క ఒక్కటే మిగులుతుంది. మద్రాసు చేరనివాళ్లు, పల్లెలో చావడిముందు వేషం కట్టి తెల్లవారి మళ్లీ కూలికి పోయినవాళ్లు, లెక్కలోకి రారు. కాని రాజారావు జీవితంలో ప్రధానమైన పని ఆ రెండోరకం మనుషులతో జరిగింది.

1915లో రాజమండ్రిలో పుట్టిన రాజారావు వృత్తిరీత్యా వైద్యుడు. 1943లో బొంబాయిలో ఇండియన్ పీపుల్స్ థియేటర్ అసోసియేషన్ ఏర్పడింది. వంగదేశంలో జనం తిండిలేక లక్షల సంఖ్యలో రాలిపోయిన సంవత్సరమది. తెలుగునాట అభ్యుదయ రచయితల సంఘం తెనాలిలో అవతరించిందీ, ప్రజానాట్యమండలి పుట్టిందీ ఆ యేడే. మండలిని నిర్మించి, నటుడుగా, దర్శకుడుగా ముందుండి నడిపినవారిలో రాజారావు అగ్రగణ్యుడు. 1963లో చనిపోయేనాటికి ఆయనకు నలభై ఎనిమిదేళ్లు మాత్రమే.

ఆయన చేతికి వచ్చిన తెలుగు రంగస్థలం ఎటువంటిది? కంట్రాక్టు నాటకాల రోజులవి. ఒక్క నాటకంలో ఇద్దరు కృష్ణులు, ముగ్గురు హరిశ్చంద్రులు. పడకసీనుకు ఒకరైతే రాయబారానికి మరొకరు. పద్యం చివర రాగం తెగేదాకా కథ కదలదు. ‘ఒన్స్‌మోర్’ అని కేకపడితే అప్పుడే చనిపోయిన పాత్ర కూడా లేచి కూచుని మళ్లీ పాడుతుందని మన పెద్దలు నవ్వుతూ చెప్పేవారు. పద్యనాటకాన్ని నేను చులకన చేయడంలేదు. అక్షరం ముక్క రాని రైతు తిరుపతి వేంకట కవుల పద్యాలు నోటికి అప్పగించగలిగాడంటే, అది ఆ నాటకం పెట్టిన భిక్షే. కాని ఆ నాటకం ఎవరి సొత్తు? రాసినవానిది కాదు, చూసేవానిది అసలే కాదు. గొంతున్న ఒక్క నటుడిది. అంటే తార అనే వస్తువును సినిమా కనిపెట్టలేదు. మన రంగస్థలంమీద ముందునుంచే వుంది. ఏ వ్యవస్థనైతే రాజారావు తరం పగలగొట్టడానికి పూనుకుందో, ఆ వ్యవస్థకు సరుకు సరఫరా చేసినవాడుగా ఆయనను స్మరించడం ఎంత విడ్డూరం!

ఆ పగలగొట్టే పని రాజారావుతోనే మొదలు కాలేదన్నది నిజమే. బళ్లారి రాఘవ (1880–1946) రాగాలాపనను పక్కకునెట్టి, పాత్ర మనసును ముఖంలోకీ మాటలోకీ తెచ్చాడు. కొమ్మూరి పద్మావతీదేవి వంటి స్త్రీలు స్త్రీపాత్రలు ధరించడానికి అండగా నిలిచాడు. మా నెల్లూరుకూ ఇందులో వాటా వుంది. 1899లో వేదం వేంకటరాయశాస్త్రి ఇక్కడ ఆంధ్రభాషాభిమాని నాటక సమాజాన్ని నెలకొల్పాడు. అంతకు రెండేళ్లముందు వచ్చిన ఆయన ‘ప్రతాపరుద్రీయం’లో రాజులూ మంత్రులూ గ్రాంథికం మాట్లాడుతుంటే, చాకలి పేరిగాడు తన యింటిమాట మాట్లాడాడు. పాత్రోచితభాష అని దానికి పేరు. పండితులు ముక్కున వేలేసుకున్నారు, జనం మాత్రం పేరిగాణ్ణి మరిచిపోలేదు. ఐతే ఒక్కటి గమనించాలి. పేరిగాడి మాట రంగస్థలంమీదికి వచ్చింది నవ్వించడానికి. రాజు వేషం వేసుకున్న చాకలి నవ్వు పుట్టిస్తాడు. తన భూమి తనదేనని నిలబడ్డ చాకలి, రైతు, కూలి, వీరి మాట గంభీరమైన నాటకానికి ప్రధానభాష కావడానికి మరో అర్ధశతాబ్దం పట్టింది.

ఆ నాటకం ‘మా భూమి’. సుంకర సత్యనారాయణ, వాసిరెడ్డి భాస్కరరావు 1947లో రాశారు. విసునూరు దేశముఖ్‌తో భూమికోసం కోర్టులో పోరాడి గెలిచి, 1940లో హత్యకు గురైన షేక్ బందగీ కథ దానికి ప్రేరణ. ఇదే పేరుతో గౌతం ఘోష్ 1979లో తీసిన చిత్రం యీ నాటకమేనని పొరబడేవారు మన అధ్యాపకుల్లో కూడా వున్నారు. ఆ చిత్రానికి ఆధారం కృష్ణచందర్ ఉర్దూ నవల. సినిమా గుర్తుండి నాటకం మరుగునపడటం ఇక్కడ కూడా అదే వరస!

ప్రజానాట్యమండలి దళాలు వందకు మించి యీ నాటకాన్ని ఆంధ్రప్రాంతపు పల్లెల్లో ఆడాయి. యీ సంఖ్య వినగానే మనం గర్వపడతాం గాని, దాని అర్థం ఆలోచించం. ఒకే నాటకాన్ని వంద దళాలు ఆడుతున్నాయంటే అందులో ఏ పాత్రా ఏ ఒక్క నటుడి జాగీరూ కాదన్నమాట. ఇవాళ ఒకడు జైలుకు పోతే రేపు మరొకడు ఆ వేషం కడతాడు. తారకు అక్కడ చోటులేదు. రాజారావూ ఆయన సహచరులూ సాధించినది యిదీ. బుర్రకథ, వీథినాటకం, పగటివేషం, గొల్లసుద్దులు వంటి జానపదరూపాలను మండలి చేతబట్టింది కూడా ఆ ఉద్దేశంతోనే. తంబురా పట్టిన కథకుడూ, చెరోపక్క డక్కీలు పట్టిన హాస్యపు వంత, రాజకీయపు వంత వుంటే చాలు, తెరలూ దీపాలూ లేకపోయినా కథ నడుస్తుంది. గుంటూరు జిల్లా పొన్నెకల్లులో పేద దూదేకుల యింట పుట్టిన నాజర్ ఆ కళకు పతాకయెత్తింది మండలి వేదికలమీదే.

“ఇదంతా ప్రచారమయ్యా, కళ ఎక్కడ?” అని శుద్ధకళావాదులు ఆనాడూ అన్నారు, యీనాడూ అంటున్నారు. నా జవాబు ఒక్కటే. మద్రాసు ప్రభుత్వం 1948లో ‘మా భూమి’ ప్రదర్శనలను నిషేధించింది. బలహీనమైన నాటకాన్ని నిషేధించవలసిన అవసరం ఏ ప్రభుత్వానికీ రాదు. దాన్ని ప్రేక్షకులే లేచిపోయి నిషేధిస్తారు. పోలీసులు వెంటపడేదాకా వచ్చిందంటే, ఆ నాటకం చూసినవాడు యింటికి పోయి నిద్రపోలేకపోయాడన్నమాట. ప్రేక్షకుడి నిద్ర చెడగొట్టగల శక్తిని కళ అనకుంటే మరేమనాలి?

నిర్బంధం వచ్చింది. దళాలు చెదిరాయి. కొందరు జైళ్లలో మగ్గారు, కొందరు పొట్టచేత పట్టుకుని మద్రాసు చేరారు. సినిమాకు పోయినవారిని ద్రోహులనడం కొందరు మిత్రులకు అలవాటు. ఆకలికి తాళలేక ఊరు విడిచినవాణ్ణి నిందించేముందు, ఖాళీ అయిన వేదికను మనమెందుకు ఖాళీగానే వుంచామో చెప్పాలి. ‘పుట్టిల్లు’ తీసిన రాజారావును కూడా నేను యీ దృష్టితోనే చూస్తాను. సినిమా ఆయన జీవితంలో ఒక మజిలీ. దాన్ని గమ్యం చేసి చూపడం మన పొరపాటు.

ఇక మన సంగతి. ప్రజానాటకం వారసులమని చెప్పుకునే మనం ఎవరికోసం ఆడుతున్నాం? పరిషత్తు పోటీలకోసం. గంటలో ముగియాలి, సెట్టు దించడానికి ఇన్ని నిమిషాలు, ముందువరసలో ముగ్గురు న్యాయనిర్ణేతలు. రచయిత వాళ్లనే తలచుకుని రాస్తాడు, నటుడు వాళ్లకేసే చూసి ఏడుస్తాడు. ఉత్తమ నటుడు, ఉత్తమ ప్రతినాయకుడు అని జ్ఞాపికలు పంచుతాం. పాత కంట్రాక్టు నాటకంలో బంగారు పతకం తగిలించుకున్న హరిశ్చంద్రుడికీ, యీ ఉత్తమ నటుడికీ తేడా ఏమిటి? ఆ హరిశ్చంద్రుడి ముందు కనీసం రెండువేలమంది కూచునేవారు! మరోవైపు పల్లె తిరునాళ్లలో వేదిక రికార్డింగ్ డాన్సుల పాలయింది. జనం అభిరుచి చెడిపోయిందని మనం వాపోతాం. మనం పోనిచోటికి మరొకడు పోయాడు, అంతే. ఇందులో జనం తప్పేముంది?

కాలం మారింది, ఇప్పుడు ఎవరు చూస్తారని అడిగేవారికి మా జిల్లా చరిత్రే సమాధానం. 1990లో నెల్లూరు జిల్లాలో అక్షరాస్యతా ఉద్యమం మొదలైంది. కళాజాతాలు ఊరూరా తిరిగాయి. పాటలు, చిన్న నాటికలు; వేదిక రచ్చబండ, దీపం వీథిలైటు. రాత్రి బడిలో చదివిన వాచకంలో సారాను ఎదిరించిన సీతమ్మ కథ వుంది. దూబగుంట ఆడవాళ్లు దాన్ని పాఠంగా వదిలేయలేదు; తమ ఊరి సారాకొట్టును మూయించారు. 1992 నాటికి ఆ మంట జిల్లా అంతా అంటుకుంది, సారా వేలంపాటలు సాగలేదు. 1993 ఏప్రిల్‌లో జిల్లాలో, అక్టోబరులో రాష్ట్రమంతటా సారాను నిషేధించక తప్పలేదు. ఆ తర్వాత వచ్చిన సంపూర్ణ మద్యనిషేధాన్ని 1997లో ఎత్తివేశారన్న చేదునిజం నేను దాచను. ఒక్క నాటిక వల్లనే ఇంత జరిగిందనీ అనను. ఉద్యమాన్ని నడిపింది ఆ స్త్రీల కడుపుమంట. కాని ఆ మంటకు మాట దొరికిన చోట్లలో రచ్చబండ ముందరి వేదిక ఒకటి. ఆ నాటికలు ఆడినవారి పేర్లు ఎవరికి తెలుసు? ఒక్కరూ తార కాలేదు. రాజారావుకు నిజమైన వారసులు వాళ్లే.

నా అనుభవం ఒకటి చెప్పి ముగిస్తాను. రెండేళ్లక్రితం మా విద్యార్థులతో కావలికి తూర్పున సముద్రపుటొడ్డు పల్లె ఒకదానికి పోయాను. రొయ్యలగుంటల ఉప్పునీరు ఊరిబావిలోకి దిగడం గురించి ఒక నాటిక కట్టుకుని వెళ్లాం. గంగమ్మగుడి ముందు ఇసుకలో ఆడుతుంటే గాలికి మైకు పనిచేయలేదు. నాయకపాత్ర వేసిన కుర్రవాడు న్యాయనిర్ణేతల ముందు చెప్పినట్లే పెద్ద ఉపన్యాసం అందుకున్నాడు. ముందు కూచున్న ముసలామె ఒకతె లేచి, “అబ్బయా, ఆ మాటలు మాకెందుకుగాని, బిందె ఎత్తుకోని ఎంతదూరం నడస్తా వుండామో అది చూపీ” అన్నది. జనం నవ్వారు. మావాడు బిక్కమొహం వేశాడు. ఆమే వచ్చి బిందె చంకన పెట్టుకుని, ఇసుకలో మడమలు దిగబడుతుంటే, గుడి చుట్టూ మూడుసార్లు మాట్లాడకుండా నడిచింది. నవ్వు ఆగిపోయింది. ఆ తర్వాత గంటసేపు ఊరు మాట్లాడింది, మేము విన్నాం.

తిరిగి వచ్చేటప్పుడు ఆ కుర్రవాడే అన్నాడు: “మన స్క్రిప్టు మళ్లీ రాయాల సార్.” రాశాం. అదే ఊరికి మళ్లీ పోయి ఆడాం. ఈసారి ఉపన్యాసం లేదు, బిందె వుంది.

కనుక అధ్యాపక మిత్రులకూ, విద్యార్థులకూ నా విన్నపం ఇది. వచ్చే వర్ధంతికి రాజారావు పటానికి దండ వేయడానికి నగరంలో హాలు బాడుగకు తీసుకోకండి. ఆ డబ్బుతో ఒక దళాన్ని కట్టండి. ఒకే నాటిక పదిమంది నేర్చుకోండి, ఎవరి వేషం ఎవరైనా కట్టగలిగేటట్లు. పోటీకి పంపకండి, పల్లెకు తీసుకుపోండి. అక్కడ ఎవరైనా లేచి మీ నాటకాన్ని అడ్డుకుంటే సంతోషించండి, ప్రేక్షకుడు మేలుకున్నాడన్నమాట. అప్పుడు మళ్లీ తరగతిలో అడుగుతాను, రాజారావు ఎవరని.