పండుగ దాటిన పిదప పరదేశపు తలంపు

అగళివారికి పొరుగు రాష్ట్రము పరదేశము కాదు. పటమున చూచినచో మడకశిర ప్రాంతము కర్ణాటకములోనికి చాచిన చేయివలె గోచరించును. ఆ చేతి వ్రేళ్ళ కొసన అగళి యున్నది. 1953లో ఆంధ్రరాష్ట్ర మవతరించినపుడు బళ్ళారి మైసూరునకు పోయినది, మడకశిర అనంతపురముతో నిలిచినది. 2022 నుండి అది శ్రీ సత్యసాయి జిల్లాలోనిది. నేటికిని అచ్చటి యిండ్లలో తెలుగు, కన్నడము కలసి వినిపించును. కూలికై బెంగుళూరు చేరిన కుటుంబమును గూర్చి 'వలసపోయినారు' అందురు. అమెరికాలో నున్నవానిని గూర్చి 'ఫారిన్‌లో ఉన్నాడు' అందురు. దూరము పెరిగినకొలది మాటకు మర్యాద పెరిగినది!

సంక్రాంతి వెళ్ళిన పిదప అరుగులమీద ఈ రెండవ మాటయే ఎక్కువగా వినవచ్చును. బెంగుళూరు నుండి పండుగకు వచ్చిన కుమారుడు తిరుగు బస్సునకు ముందునాడు తండ్రితో లెక్కకు కూర్చుండును. వక్కతోటను బోరు ఇంకెన్నాళ్ళు తడుపును? మల్బరీ ఆకు కోసి పట్టుపురుగులను సాకుటకు ఇంట చేతు లెన్ని మిగిలినవి? ఏటి సగటు వర్షపాతము 550 మిల్లీమీటర్లకు అటునిటుగా నుండు సీమ యిది. పెనుకొండ చెంత ఎర్రమంచిలో 2019 నుండి కియా కార్లు తయారగుచున్నవి. ఆ కర్మాగారము కొందరిని ఇంటికి చేరువగా నిలిపినమాట నిజమే. కాని కంప్యూటరు విద్య నేర్చినవాని చూపు బెంగుళూరుతో ఆగదు. బ్యాంకు ఋణమునకు తాకట్టుగా తోటయే ముందుకు వచ్చును. తండ్రి 'నీ ఇష్టము నాయనా' అనును. అందు సమ్మతి యెంత, దిగులెంత అన్నది కుమారునికిని తెలియును.

అవతలి వాకిలియు మునుపటివలె తెరచి లేదు. 2025 సెప్టెంబరులో అమెరికా అధ్యక్షుడు హెచ్-1బి వీసా క్రొత్త దరఖాస్తుపై లక్ష డాలర్ల రుసుము విధించుచు ఆజ్ఞ వెలువరించెను. ఆ యేడు జులై నుండి కువైటులో ప్రైవేటు ఉద్యోగముననున్న విదేశీయుడు దేశము విడిచి కదలవలెనన్న యజమాని అనుమతిపత్రము కావలసివచ్చినది. కదిరి, రాయచోటి, రాజంపేట వైపుల నుండి కువైటునకు పోయిన డ్రైవర్లు, కూలీలు ఎందరో కలరు. వారికి స్వగ్రామ ప్రయాణము ఇప్పుడు టికెట్టుతో మాత్రమే తీరు పని కాదు.

ఈ లెక్కలలో ఎవరును వేయని పద్దొకటి కలదు. 2024 శాసనసభ ఎన్నికలలో మడకశిర ఫలితము 351 వోట్ల తేడాతో తేలినది. రమారమి రెండు లక్షల వోటర్లున్న నియోజకవర్గమున ఇది రెండు మూడు వీధుల బలము. కాలువనీరు, బడి, ఆసుపత్రి, రోడ్డు ఎవరి చేతిలో నుండవలెనో పండుగకు వచ్చిన బస్సులు కొన్ని తేల్చగలిగియుండెడివి.

విదేశమున నున్న భారత పౌరునికి వోటరు జాబితాలో చోటు లేదనరాదు. 2010లో చట్టము సవరింపబడి 2011 నుండి ఆ హక్కు అమలులోనికి వచ్చినది. ఐతే అసలు పాస్‌పోర్టు చేతబట్టుకొని స్వగ్రామపు పోలింగు కేంద్రమునకు స్వయముగా రావలెను. 2024 లోక్‌సభ ఎన్నికలకు దేశమంతటను ఇట్లు నమోదైనవారు సుమారు 1,19,000 మంది. వచ్చి వోటు వేసినవారు 3,000 మందికి లోపు, అందును అత్యధికులు కేరళీయులు. ప్రతినిధిద్వారా వోటు వేయించు బిల్లును 2018లో లోక్‌సభ ఆమోదించెను, మరుసటి యేడు అది మురిగిపోయినది. సరిహద్దు సైనికుడు తపాలాలో వోటు పంపగలుగుచుండగా కువైటు డ్రైవరుకు అది యేల దుర్లభము కావలెను? ఇందు యుక్తి కనబడదు, ఉదాసీనతయే కనబడును.

దేశములోని వలసకూలికిని ఈ మేలు దక్కలేదు. ఉన్నచోటనే వోటు వేయించు యంత్రమును 2023 జనవరిలో ఎన్నికల సంఘము పార్టీల ముందుంచగా, పలు పక్షములు సందేహములు లేవనెత్తినవి, మాట అంతటితో నిలిచినది. బెంగుళూరు కూలి మాత్రము ఒక రాత్రి బస్సెక్కి రాగలడు. విదేశీ పౌరసత్వము స్వీకరించినవాని సంగతి వేరు: 1955 నాటి పౌరసత్వ చట్టము ననుసరించి అతని భారత పౌరసత్వము అంతరించును, దానితో వోటును పోవును. 2022, 2023, 2024 సంవత్సరములలో ఏటేట రెండు లక్షలకు పైగా భారతీయులు ఆ గడప దాటిరి.

అమెరికా నుండి ఎన్నికల నాడు ఇంటికి ఫోను చేసి, ఫలానావారికి వేయుడని చెప్పు కుమారులు లేకపోలేదు. అట్టి మాట తల్లిదండ్రుల వోటును త్రిప్పవచ్చును. కాని ఊరి కాలువ ఎండినపుడు ఆ కుమారుడు కుండ మోయడు గదా!

అగళి అరుగుమీది యువకుడు పోవుటయా, మానుటయా అన్నది అతని యింటి విషయము. పోదలచినచో ఋణపత్రముతోపాటు 'ఫారం 6ఎ' అను దానినికూడ ఎరిగియుండుట మంచిది; విదేశస్థుడైన వోటరు పేరు నమోదుకు అదియే సాధనము. ఆ ఫారమునకు ఖర్చులేదు. శాసనసభ ఎన్నికలు మరల 2029లో రావలసియున్నవి. గడచిన పర్యాయము పోలింగు మే 13న జరిగినది. ఆ యెండలలో సెలవు దొరకుట సంక్రాంతికి దొరకినంత సులభము కాదు.