బిట్లలో దొరకని చరిత్ర

హైదరాబాద్ అశోక్‌నగర్, చిక్కడపల్లి వీధుల్లో ఏ జిరాక్స్ సెంటర్ ముందు నిలబడినా చరిత్ర, పాలిటీ, సొసైటీ నోట్సుల కట్టలే. కొనేవాళ్లలో బీటెక్‌లు బోలెడు మంది. ఇంటర్ అంటే ఎంపీసీ, బైపీసీలేనని నమ్మిన ఇళ్ల పిల్లలు. చరిత్ర, సివిక్స్ ఉండే హెచ్‌ఈసీ ఎందుకూ కొరగానివాళ్ల గ్రూపని విన్నవాళ్లు. తెలుగైతే మార్కులు రావని సంస్కృతం తీసుకుని, ఆ సంస్కృతమూ అబ్బకుండానే బయటపడ్డవాళ్లు. తీరా డిప్యూటీ కలెక్టరు కావాలంటే శాతవాహనుల దగ్గర మొదలుపెట్టాల్సి వచ్చింది!

వాళ్లను వెక్కిరించడం నా ఉద్దేశం కాదు. జనాన్ని పాలించే అధికారికి చరిత్ర, సమాజం, రాజ్యాంగం తెలియాలని గ్రూప్-1 మెయిన్స్ పేపర్లు పెట్టి మరీ ఒప్పుకుంటున్న ప్రభుత్వం, జూనియర్ కాలేజీలో వాటిని గాలికొదిలేసింది. అదీ నా గొడవ. పైగా పాతికేళ్ల వయసులో బిట్లుగా మింగే చరిత్ర చరిత్రే కాదంటాను.

ఒక బిట్ చూడండి. క్రీడాభిరామం కర్త ఎవరు? వినుకొండ వల్లభరాయుడని గుండ్రం నింపితే మార్కు వచ్చేస్తుంది. అది శ్రీనాథుడిదేనని వాదించిన పండితులున్న సంగతి ఆ గుండ్రంలో పట్టదు. పుస్తకంలో ఏముందో అసలే పట్టదు. కాకతీయుల ఓరుగల్లులో పూటకూళ్ల ఇంట ఒక్క రూకకు గోధుమపిండి వంట, పెసరపప్పు, అరటిపండ్లు, గడ్డపెరుగుతో భోజనం పెట్టేవారని అందులో ఒక పద్యం చెబుతుంది. ఇలాంటి పద్యాలను సాక్ష్యానికి పిలిచే సురవరం ప్రతాపరెడ్డి 'ఆంధ్రుల సాంఘిక చరిత్ర' రాశారు. 1949లో వచ్చిన ఆ పుస్తకానికే 1955లో తెలుగులో తొలి కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం దక్కింది. రాజుల యుద్ధాలను పక్కనబెట్టి, జనం ఏం తిన్నారు, ఏం కట్టారు, ఏ ఆటలాడారు అని అడిగారాయన. కవి మాటను ఎంతవరకు నమ్మొచ్చు? ఆ రూక ఎవరి చేతిలో ఆడేది? ఇలా అడగడం అలవాటు చేసేదే చరిత్ర చదువు. తెలంగాణలో కవులే లేరని ఎవరో అంటే ప్రతాపరెడ్డి తిట్టి ఊరుకోలేదు. 354 మంది కవులతో 1934లో గోలకొండ కవుల సంచిక అచ్చువేసి చూపించారు. సాక్ష్యం అడిగే ఆ అలవాటు లేక, ఇవాళ వాట్సాప్‌లో వచ్చిన ప్రతి 'అసలు చరిత్ర'నూ కళ్లుమూసుకుని పంపేసేవాళ్లలో పెద్ద చదువుల వాళ్లకు కొదవలేదు.

ఇది కూడుపెట్టే చదువేనా అని తల్లిదండ్రులు అడుగుతారు. న్యాయమే. అప్పుచేసి ఫీజు కట్టే తండ్రికి కావ్యాల గొప్పదనం చెప్పడానికి నాకూ నోరు రాదు. ఇంజినీరింగ్ మానమనడం లేదు. ఐఐటీల్లో సైతం బీటెక్ పిల్లలు హ్యుమానిటీస్ కోర్సులు చదివి తీరాలి. ఆ ఐఐటీల పేరు చెప్పి ఫీజులు గుంజే మన ర్యాంకుల కార్ఖానాల్లో మాత్రం పిల్లవాడికి ఒక కథ చదివే తీరిక ఉండదు.

ఈసారి పిల్లల్ని ఇంటర్‌లో చేర్చడానికి వెళ్లినప్పుడు ర్యాంకుల ఫ్లెక్సీ చూసి సంతకం పెట్టేయకండి. తెలుగు లెక్చరర్ ఉన్నారా, లైబ్రరీ ఏ అంతస్తులో ఉంది అని అడగండి. ఫీజు కట్టేది మీరే కదా.