మన గురించి రాసినవి మనమే వెతికి చదవాలి



మన సాంఘిక సంక్షేమ హాస్టళ్లలో చదువుకున్నవారు నేడు ఎమ్మెస్‌డబ్ల్యూలోనూ, పీహెచ్‌డీలోనూ చేరుతున్నారు. ఇది మనందరికీ గర్వకారణం. అయితే ప్రాజెక్టు రిపోర్టులో 'పూర్వ పరిశోధనల సమీక్ష' అనే అధ్యాయం దగ్గరకు వచ్చేసరికి చాలామంది తడబడుతున్నారు. పాత రిపోర్టు ఒకటి తెచ్చి, అందులోని పేరాలు దించి, బైండింగుకు ఇచ్చేస్తున్నారు. దీన్ని సోమరితనం అనడం తేలిక. వ్యాసాలు ఎక్కడ దొరుకుతాయో చెప్పినవారు లేకపోవడమే అసలు కారణమని మా అభిప్రాయం.

ఈ అధ్యాయం మార్కుల కోసం రాసేది కాదు. బడి మానేసిన పిల్లలు, వలస కూలీలు, దళితవాడలు, తండాలు, సంక్షేమ హాస్టళ్లు - సోషల్ వర్క్ పరిశోధనకు వస్తువు మన బతుకులే. ప్రశ్నావళి పట్టుకొని వచ్చినవారికి మనం జవాబులు చెబుతాం. వాటినుంచి వారేం తేల్చారో మనకు తెలియదు. రాసింది చదవకుండా అందులోని తప్పును ఎలా ఖండించగలం?

డాక్టర్ అంబేద్కర్ 25 ఏళ్ల వయసులో, కొలంబియా విశ్వవిద్యాలయంలో విద్యార్థిగా, 1916 మే 9న కులవ్యవస్థపై ఒక పత్రం చదివారు. అది 1917లో 'ఇండియన్ యాంటిక్వరీ' పత్రికలో అచ్చయింది. అందులో ఆయన సెనార్ట్, నెస్‌ఫీల్డ్, రిస్లీ, కేత్కర్ కులానికి ఇచ్చిన నిర్వచనాలను ముందు పరిశీలించారు. వాటిలో లోపమెక్కడుందో చూపి, ఆ తర్వాతే తన మాట చెప్పారు. పూర్వ పరిశోధనల సమీక్ష అంటే అదే.

ఇక దారులు. పైసా ఖర్చులేని మొదటి దారి 'శోధ్‌గంగ'. ఆంధ్ర, శ్రీ వేంకటేశ్వర వంటి విశ్వవిద్యాలయాల పీహెచ్‌డీ గ్రంథాలు అందులో అధ్యాయాలవారీగా దొరుకుతాయి. రెండోది గూగుల్ స్కాలర్. ఉత్త 'హాస్టల్' అని కొడితే ఎక్కడెక్కడివో వస్తాయి. 'షెడ్యూల్డ్ కాస్ట్స్', 'డ్రాపౌట్', మీ జిల్లా పేరు ఇంగ్లీషులో కలిపి కొట్టండి. పక్కన పీడీఎఫ్ అని ఉంటే ఉచితంగా చదవొచ్చు. ఒక మంచి వ్యాసం దొరికితే దాని చివరనున్న గ్రంథసూచి చూడండి, మరో పది పేర్లు తెలుస్తాయి. 1940లో మొదలైన 'ఇండియన్ జర్నల్ ఆఫ్ సోషల్ వర్క్' పాత సంచికల కోసం మీ విశ్వవిద్యాలయ గ్రంథాలయంలో అడగండి. డబ్బు కట్టమన్నచోట కట్టకండి. రచయితకు మర్యాదగా ఒక ఈమెయిల్ రాయండి, చాలామంది పంపుతారు.

కేంద్ర ప్రభుత్వం 2025 జనవరి 1 నుంచి 'వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్' పథకం మొదలుపెట్టింది. 30 ప్రచురణ సంస్థల సుమారు 13 వేల పత్రికలను ప్రభుత్వ విద్యాసంస్థల్లోని వారికి తెరిచింది. ప్రభుత్వ కళాశాలల్లో చదివే తమ్ముళ్లు, చెల్లెళ్లు ఈ సదుపాయం గురించి గ్రంథపాలకుణ్ణి తప్పక అడగాలి. అయితే ప్రైవేటు కళాశాలల్లో ఎమ్మెస్‌డబ్ల్యూ చదివే మనవాళ్లకు ఈ తలుపు తెరుచుకోలేదు. పేద విద్యార్థి ఏ కళాశాలలో ఉన్నా పేదవాడే. ఈ పథకాన్ని వారికీ విస్తరించాలని మేము కోరుతున్నాం.

అంతవరకు మన చేతిలో ఉన్నది మనం చేద్దాం. విశ్వవిద్యాలయాల్లో ఉన్న పూర్వ విద్యార్థులారా! వార్షికోత్సవానికి వచ్చి శాలువా కప్పించుకొని వెళ్లడంతో సరిపెట్టవద్దు. ఏడాదికి ఒక్క ఆదివారం మన హాస్టలుకు ఇవ్వండి. కంప్యూటరు ముందు పదిమందిని కూర్చోబెట్టి వెతకడం నేర్పండి. ఇంగ్లీషుకు భయపడేవారితో ఒక వ్యాసం చదివించి, తెలుగులో చెప్పించండి.

ఇన్నాళ్లూ మన గురించి ఇతరులు రాశారు. వారు రాసింది చదువుదాం. ఆపైన మన మాట మనం రాద్దాం.