ఒక మనిషి, నాలుగు పేర్లు

తెనాలి నుంచి ఒక సోదరి ఇలా వ్రాశారు: “దుబాయిలో ఒక భారతీయ పాఠశాలవారు నన్ను ఇంగ్లీషు టీచరుగా తీసుకుంటామన్నారు. ఇంటర్వ్యూ ఇంట్లో కూచోబెట్టే ఫోనులో కానిచ్చేశారు. కాని వాళ్ళు అడిగిన కాగితాల జాబితా చూస్తే ఉన్న ఉత్సాహం కాస్తా నీరుకారిపోయింది. మావారు వెళ్ళమంటున్నారు. అత్తగారు మాత్రం పాస్‌పోర్టులో మా ఇంటిపేరు పెట్టించుకుని మరీ వెళ్ళు అంటున్నారు. నన్నేం చెయ్యమంటారు?”

అత్తగారి మాట కాసేపు పక్కన పెట్టి ముందు కాగితాల సంగతి చూద్దాం. రెండూ ఒకటేనని మీకే తెలుస్తుంది లెండి.

గుంటూరు విశ్వవిద్యాలయంవారు ఇచ్చిన పట్టా చూసి దుబాయి గుమాస్తాకు ఏం తెలుస్తుంది? ఆ రిజిస్ట్రారుగారి సంతకం అతను జన్మలో చూసి ఉండడు. అంచేత, పట్టా నిజమైనదేనని ముందు మన రాష్ట్ర విద్యాశాఖ ముద్ర వేస్తుంది. ఆ ముద్ర నిజమైనదేనని మన విదేశాంగశాఖ వేస్తుంది. దానిమీద మన దేశంలో ఉన్న వాళ్ళ రాయబార కార్యాలయం వేస్తుంది. మీరు అక్కడ దిగాక వాళ్ళ విదేశాంగశాఖ వేస్తుంది. పొలం దస్తావేజు మీద సాక్షికి సాక్షి, ఆ సాక్షికి మళ్ళీ సాక్షి అన్నట్టుంటుంది ఈ వరస.

ఈ తిప్పట తగ్గించడానికే 1961లో హేగ్ నగరంలో కొన్ని దేశాలు ఒక ఒడంబడిక చేసుకున్నాయి. దానిలో చేరిన దేశాల మధ్య ‘అపోస్టిల్’ అనే ఒకే ఒక్క ధ్రువీకరణ సరిపోతుంది. 2005 జులై 14 నుంచి మన దేశానికి అది వర్తిస్తోంది. ఒమాన్, బహ్రెయిన్, దక్షిణ కొరియా దానిలో ఉన్నాయి. సౌదీ అరేబియా 2022 డిసెంబరులో వచ్చి చేరింది. దుబాయి ఉన్న యు.ఎ.ఇ. మాత్రం చేరలేదు. కాబట్టి “అపోస్టిల్ చేయించేస్తానమ్మా, ఇక మీకు చింత లేదు” అని ఎవరైనా అంటే, అది మస్కట్‌కు వెళ్ళే మనిషికి చెప్పాల్సిన మాటని గుర్తుంచుకోండి.

విద్యాశాఖ ముద్రకు మీరు ఎక్కడ కాపురం ఉన్నారన్నది కాదు, పట్టా ఏ రాష్ట్రానిదన్నదే లెక్క. హైదరాబాదులో ఇరవై ఏళ్ళుగా ఉంటున్నా, ఆంధ్ర విశ్వవిద్యాలయం పట్టా అయితే ఆంధ్రప్రదేశ్ వారి దగ్గరికే పోవాలి. 2014లో రాష్ట్రం రెండయ్యాక చాలామంది ఇక్కడే తికమక పడుతున్నారు. విదేశాంగశాఖ పనికి ఢిల్లీ ప్రయాణం అక్కరలేదు, హైదరాబాదు శాఖ కార్యాలయంలోనే అవుతుంది. కాగితాలు ఆ శాఖ నియమించిన ఏజెన్సీలకే ఇవ్వాలి.

ఇక ఇంట్లో చేసిన ముద్దుల సంగతి. అమ్మాయి బి.ఎ. ప్యాసయిందని మురిసిపోయి, నాన్నగారు ఆ పట్టాను లామినేషన్ చేయించి బీరువాలో పెట్టి ఉంటారు. ముద్రలూ స్టిక్కర్లూ పడవలసింది అసలు కాగితం వెనకవైపునే. ప్లాస్టిక్ మీద ముద్ర పడదు. దాన్ని ఊడదీసేవాళ్ళు ఉన్నారు కాని, కాగితం చిరిగితే మళ్ళీ విశ్వవిద్యాలయం గడప ఎక్కవలసిందే. మరికొందరి దగ్గర ప్రొవిజనల్ సర్టిఫికెట్ తప్ప అసలు పట్టానే ఉండదు. స్నాతకోత్సవానికి డబ్బు కట్టడం ఎందుకులే అని ఊరుకున్నవాళ్ళు వీళ్ళు. ఈ పనికి ప్రొవిజనల్ చాలదు, ఇవాళే దరఖాస్తు పెట్టండి. ఒరిజినల్సు కాలేజీవారి దగ్గరే ఉండిపోయిన అమ్మాయిలు కూడా వ్రాస్తున్నారు. అలా అట్టే పెట్టుకోకూడదని యు.జి.సి. 2018లోనే ప్రకటించింది. ఆ ప్రకటన ప్రతి ఒకటి పట్టుకు వెళ్ళి అడగండి. నోటిమాటకు లొంగని గుమాస్తా కాగితానికి లొంగుతాడు.

అన్నిటికంటె పెద్ద చిక్కు పేరు. మా మేనకోడలు మస్కట్ వెళ్ళినప్పుడు దగ్గరుండి చూశాను. ఎస్సెస్సీ మెమోలో ఇంటిపేరు నిండుగా ఉంది. డిగ్రీలో పొడి అక్షరం మిగిలింది. పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీ! ఆధార్‌లో పెళ్ళయ్యాక వచ్చిన ఇంటిపేరు. పైగా ‘లక్ష్మి’ని ఒకచోట ‘కెఎస్‌హెచ్’తోనూ, ఒకచోట ‘ఎక్స్’తోనూ వ్రాశారు. మనకు చదువుతుంటే ఒకటే లక్ష్మి. అక్కడి కంప్యూటరుకు ఇద్దరు. ఇంటిపేరు ముందు, అసలు పేరు తర్వాత అనే మన పద్ధతి బయటి దేశపు ఫారాల్లో ఇమడదు. 2022 నవంబరులో అయితే, పాస్‌పోర్టులో ఒకే ఒక్క పేరున్న సందర్శకులను రానివ్వబోమని యు.ఎ.ఇ. వారు ప్రకటించారు కూడా. రెండో పేజీలో తండ్రి పేరో ఇంటిపేరో ఉంటే సరేనని తర్వాత కొంత సర్దుకున్నారు.

ఆ పిల్ల స్టాంపు కాగితం మీద “ఈ పేర్లన్నీ నావే, నేనొక్కదాన్నే” అని ప్రమాణపత్రం వ్రాసి నోటరీ చేయించింది. కొన్నిచోట్ల అది చెల్లింది, కొన్నిచోట్ల చెల్లలేదు. చివరకు పాస్‌పోర్టును ఎస్సెస్సీ మెమో ప్రకారం తిరిగి తీసుకున్నాకనే పని జరిగింది. చదువు కాగితాలను పాస్‌పోర్టుకు సరిపెట్టడం మహా కష్టం. పాస్‌పోర్టును చదువు కాగితాలకు సరిపెట్టడం సులువు.

ఇప్పుడు అత్తగారి మాటకు వద్దాం. పెళ్ళయితే ఇంటిపేరు మార్చుకుని తీరాలని చట్టమేమీ లేదు. పాస్‌పోర్టులో భర్త పేరుకు వేరే చోటు ఉంది, అక్కడ మీవారి పేరు వ్రాయించండి. ఆ పేజీ తీసి అత్తగారికి చూపించండి. ఆవిడ కోరిక కొంతైనా తీరుతుంది. మీ ఇంటిపేరును మాత్రం కదపకండి. మీ బి.ఎ., బి.ఎడ్. ఆ పేరుతో వచ్చినవే. ఇప్పుడు మారిస్తే ప్రతి కాగితం దగ్గరా ఈవిడా ఆవిడా ఒకరేనా అన్న ప్రశ్న లేస్తుంది. దానికి జవాబు చెప్పుకోవలసింది మీరు. అత్తగారు కాదు, మీవారూ కాదు.

ఏజెంటు సంగతి కూడా ఒక ముక్క వ్రాశారు. “ముందు విజిట్ వీసా మీద వెళ్ళండి, అక్కడ మార్పిస్తాను” అన్నాడట. వద్దు తల్లీ! విజిట్ వీసా మీద బడిలో పాఠం చెప్పడం అక్కడ నేరం. వర్క్ పర్మిట్‌కు దరఖాస్తు పెట్టవలసింది పాఠశాలవారే. అతను విదేశాంగశాఖలో రిజిస్టరయిన ఏజెంటేనా, ‘ఈ-మైగ్రేట్’లో చూడండి. అలాంటివారు సేవారుసుము కింద తీసుకోగలిగింది 30,000 రూపాయలు, దానిమీద జి.ఎస్.టి. అంతే. ఒరిజినల్సు ఎవరి చేతికైనా ఇస్తే, ఏవేవి ఇచ్చారో జాబితా వ్రాసి సంతకం చేయించుకోండి.

ఇంగ్లీషు చెప్పడానికి కొరియా వెళ్ళవచ్చా అని ఇంకొకరు అడిగారు. అక్కడ ఈ ఉద్యోగాలు ఎక్కువగా అమెరికా, బ్రిటను వగైరా ఏడు దేశాలవారికే. ఆ దేశంతో మనకు 2010లో అమలయిన ఒప్పందం వల్ల, డిగ్రీతోపాటు ఇంగ్లీషు బోధనార్హత ఉన్న మనవాళ్ళకు సహాయ ఉపాధ్యాయులుగా కొద్ది అవకాశం ఉంది. 1958 నుంచి హైదరాబాదులో ఇంగ్లీషు బోధనకే ఒక సంస్థ పెట్టుకుని నడుపుతున్నాం. అయినా పుట్టిన దేశం చూసి భాష వచ్చో రాదో తేల్చడం నాకైతే నచ్చదు. మన నచ్చడంతో వీసాలు రావనుకోండి.

పోలీసు క్లియరెన్సు అన్నిటికంటె ముందే తెచ్చుకోకండి. అది పాతబడితే వాళ్ళు ఒప్పుకోరు. పాస్‌పోర్టు కార్యాలయం ద్వారానే వస్తుంది, రుసుము 500 రూపాయలు. విచారణకు స్టేషను నుంచి మనిషి వచ్చేవేళకు ఇంట్లో ఎవరో ఒకరుండాలి. ఇప్పుడు చేస్తున్న బడి నుంచి అనుభవపత్రం, తేదీలతో, చెప్పిన తరగతులతో, ప్రిన్సిపాలు సంతకంతో ఈ వారమే అడిగి తీసుకోండి. రాజీనామా మాత్రం పర్మిట్ ప్రతి కళ్ళారా చూశాకే. దుబాయిలో మన పాఠశాలలు చాలావరకు ఏప్రిల్లో తెరుస్తారు. పాస్‌పోర్టు కూడా మార్పించవలసి ఉంటే దసరా నాటికే పని మొదలుపెట్టండి.